రెండో ట్రిప్పు

మొదటి ట్రిప్పు రెండు గంటలకు.
అరవై మంది పిల్లోల్లు, అరవై టిఫిన్ డబ్బాల వాసన,
అబ్బాసియా సందులన్నీ హారన్ల గోల.

రెండో ట్రిప్పు ఐదున్నరకు,
ఆటలకు ఆగినోల్లకు మాత్రం.
పదకొండు మంది.
చెమట, బూట్లు, ఎవురో మోకాలికి పూసుకున్న మందు.
ఏసీ ఎంత పెంచినా ఆ వాసన పోదు.
పొమ్మని నేనూ అనను.

ఎక్కంగానే కొట్లాట, క్యాచ్ ఎవుడు వదిలినాడని.
ఆరో రింగురోడ్డులో బండ్లు ఆగిపోతానే
ఎవురో చెప్పినట్టు సద్దుమణుగుతుంది.
సంచుల జిప్పులు లాగే చప్పుడు.
అద్దంలో చూస్తా:
మోకాళ్ల మీద నోటుపుస్తకాలు, వంచిన తలకాయలు.
గతుకొస్తే అక్షరం వంకర.

లోపల లైటేస్తే ముందద్దంలో రోడ్డు కనపడదని
సూపర్‌వైజర్ రెండుసార్లు తిట్టినాడు.
వెనక రెండు లైట్లు వేసే ఉంచుతా.

"అంకుల్, గంటకు అరవై కిలోమీటర్లు పోయే బస్సు
నలభై ఐదు కిలోమీటర్లు ఎంతసేపట్లో పోతాది?"
ఆరో తరగతి ఫెబిన్ అడిగినాడు.
గురువారం సాయంత్రమైతే
దేవుడు కూడా చెప్పలేడు నాయనా, అన్నా.
బస్సంతా నవ్వింది.

నవ్వనిది ఊర్జిత ఒక్కతే.
పదో తరగతి. నాలుగు వందల మీటర్లు.
మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుని
బూట్లలో ఇసుక పేపరు మీద దులుపుకుని
మడిచి సంచిలో పెట్టుకునే పిల్ల.
నా బస్సులో ఒక్క రేణువు పడనీయలేదు.

అర్ధసంవత్సరం మార్కులొచ్చిన వారం
ఆ పిల్ల మొదటి ట్రిప్పుకు మారింది.
వాళ్ల నాయన స్కూలు గేటు కాడ
నాకు చీటీ ఇచ్చినాడు మర్యాదగానే.
"ఈ సంవత్సరం ముఖ్యం కదా, రెడ్డెయ్యా."
ముఖ్యమే సార్, అన్నా.
ఇంకేమంటా? నేను డ్రైవర్ని.

రెండు గంటల బస్సులో ఊర్జిత చదవలేదు.
కిటికీకి తల ఆనించి నిద్రపోయేది.
నిద్ర కాదని అద్దానికి తెలుసు.

నా లెక్క కూడా చెప్పాల.
పుల్లంపేట హైస్కూల్లో నేను కబడ్డీ.
పదిలో లెక్కలకు ముప్పై ఒకటి.
నాలుగు మార్కులు తక్కువ.
కూత పెట్టి చెడిపోయినాడని ఊరంతా అనింది,
మా అమ్మ కూడా.
ఆ యేడాది రాత్రిళ్లు కోడూరు మండీలో
బొప్పాయి లారీలకు లోడెత్తినానని
ఎవురూ లెక్కలో వేసుకోలేదు.
కబడ్డీ నోరు లేనిది, దాని మీద వేసినారు.

అందుకే ఆటాడితే మార్కులొస్తాయని
నేను ఒట్టేసి చెప్పలేను.
రెండో ట్రిప్పుకు నెలకు ఆరు దినార్లు ఎక్కువ.
కట్టగలిగినోల్ల పిల్లోల్లే ఆడతారు,
వాళ్లకే ట్యూషనూ, వాళ్లకే గుడ్లూ పాలూ.
పోయినేడు హాకీ గోల్‌కీపర్ ఒకడు
బాగా ఆడినాడు, బాగా ఫెయిలైనాడు.
వాడు కూడా నా అద్దంలో ఉన్నోడే.

నేను చూసింది మాత్రం చెప్తా.
పరుగెత్తొచ్చిన పిల్ల పేజీ తిప్పినప్పుడు
ఆ పేజీకి చప్పుడుంటుంది.

ధూళి తుఫానొచ్చి బడి మూసిన వారం తర్వాత
ఒక మంగళవారం, ఐదున్నరకు
మెట్టు మీద ఊర్జిత.
మెడలో బూట్ల జత, చేతిలో కొత్త చీటీ.
"మంగళవారం ఒక్కరోజే, అంకుల్.
మిగతావి నాయనతో ఇంకా బేరం నడస్తాంది."
మార్కులు పెరిగినాయా, నాయన మెత్తబడినాడా,
నేనడగలేదు, తను చెప్పలేదు.

మూడో వరస. పేపరు మీద ఇసుక.
తర్వాత పుస్తకం.

పన్నెండేండ్లుగా ఈ సిగ్నల్‌ను తిట్టుకున్నోన్ని.
ఈ పొద్దు పచ్చ పడబోతాంటే
వెనక నుంచి గొంతు,
"అంకుల్, ఒక్క లెక్కుంది, కదిలించొద్దు."
వెనక ల్యాండ్‌క్రూజర్ వాడు హారన్ మీద పడుకున్నాడు.
కొట్టుకోనీ.
క్లచ్ మీద కాలు పెట్టి
తీరిగ్గా, చానా తీరిగ్గా,
గేరు వెతుక్కుంటాండా.